గ్రామసభలో మౌనం: సహనమా, సాక్ష్యాన్ని దాచడమా?

రేపు పంచాయతీ కార్యాలయం దగ్గర గ్రామసభ ఉందని ఊళ్లో చాటింపు వేస్తారు. కొందరు వెళ్తారు, చాలామంది వెళ్లరు. వెళ్లినవారిలోనూ ఎక్కువమంది రిజిస్టరులో సంతకం పెట్టి, కాసేపు వెనక నిలబడి, తిరిగి వచ్చేస్తారు. మన ముస్లిం సోదరుల సంగతి చూస్తే, ఖబరస్తాన్ ప్రహరీ గోడ గురించో, ఈద్గాహ్ దారి గురించో అర్జీ ఇవ్వవలసి వచ్చినప్పుడు తప్ప ఆ వైపు వెళ్లేవారు తక్కువ. "మనకెందుకు భాయ్, మాట్లాడితే మాట పడాలి" అంటారు. నమాజు, ఉపవాసం, జకాత్ విషయంలో ఎంతో జాగ్రత్తగా ఉండేవారు కూడా ఈ మౌనాన్ని ఒక లోపంగా తలచరు. పైగా దానిని సబ్ర్‌గా, దీన్‌దారీగా భావిస్తారు.

ఇది నిజంగా సబ్రేనా? పదిమంది హక్కులు తేలే చోట, తెలిసిన నిజాన్ని లోపలే ఉంచుకుని రావడాన్ని షరీఅత్ ఏమని పిలుస్తుంది? ప్రతి విశ్వాసీ శాంతంగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

గ్రామసభలో మన స్థానం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ గ్రామసభ సభ్యుడే. అంటే అక్కడ మనం సర్పంచి పిలిస్తే వచ్చిన అతిథులం కాము. ధనికుడు, పేద, స్త్రీ, పురుషుడు, ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా అక్కడ సమానమే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం రెండూ గ్రామసభకు స్థానం కల్పించాయి. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం ఆ పనుల సామాజిక తనిఖీని గ్రామసభకే అప్పగించింది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే రోజు గ్రామసభలు నిర్వహించారు. 2025 జనవరిలో తెలంగాణలో రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల వంటి పథకాల జాబితాలను గ్రామసభల ముందు ఉంచి అభ్యంతరాలు అడిగారు.

అటువంటి ఒక సభను ఊహించండి. అధికారి జాబితా చదువుతున్నాడు. అందులో రెండంతస్తుల ఇల్లున్న ఒక వ్యక్తి పేరు ఉంది. రేకుల కప్పు కింద ముగ్గురు పిల్లలతో బతుకుతున్న ఒక వితంతువు పేరు లేదు. ఈ రెండు సంగతులూ మీకు తెలుసు. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అధికారి అడుగుతాడు. సభ నిశ్శబ్దంగా ఉంటుంది. "అభ్యంతరం లేదు" అని రాసుకుంటాడు. ఆ రాతలో మీ మౌనం కూడా కలిసిపోయింది. ఆ వితంతువుకు రావలసిన ఇల్లు రాకపోవడంలో ఇప్పుడు మీ పాత్ర ఎంత?

ఇది సాక్ష్యం

అన్నిసా సూరా 135వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను న్యాయం మీద గట్టిగా నిలబడమని, అల్లాహ్ కోసం సాక్షులుగా ఉండమని ఆదేశించాడు. ఆ సాక్ష్యం తమకే వ్యతిరేకంగా వెళ్లినా, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా వెళ్లినా వెనుకాడవద్దన్నాడు. ఎదుటివాడు ధనికుడా, పేదా అని చూడవద్దన్నాడు. అల్ బఖరా సూరా 283వ ఆయతులో సాక్ష్యాన్ని దాచవద్దని, దాచినవాని హృదయం పాపానికి లోనైందని హెచ్చరించాడు. అక్కడ హృదయాన్ని ప్రస్తావించడం గమనించదగిన విషయం. దాచడం నాలుక చేసే పని కాదు, హృదయం చేసే పని. బయటికి ఏమీ కనబడదు, లోకం వేలెత్తి చూపదు. అయినా అల్లాహ్ దగ్గర అది నమోదవుతుంది.

ఒకసారి దైవప్రవక్త ముహమ్మద్ (స) ఘోరాతిఘోరమైన పాపాల గురించి చెబుతూ షిర్క్‌ను, తల్లిదండ్రుల పట్ల అవిధేయతను పేర్కొన్నారు. అప్పటివరకు ఆనుకుని కూర్చున్న ఆయన లేచి నిటారుగా కూర్చుని, అబద్ధ సాక్ష్యం గురించి ఎన్నోసార్లు హెచ్చరించారు. ఇక ఆపితే బాగుండునని సహచరులు అనుకునేంతగా ఆ మాటనే తిరిగి తిరిగి చెప్పారు. (బుఖారీ, ముస్లిం)

ఫిఖ్‌హ్ పండితులు ఈ విషయంలో ఒక ముఖ్యమైన నియమం చెప్పారు. ఒకరి హక్కు నిలబడటానికి కావలసిన సాక్ష్యం చెప్పేవారు ఇతరులు ఉంటే మిగతావారి మీద బాధ్యత తొలగిపోతుంది. అది ఫర్జె కిఫాయా. కాని చెప్పేవారు మరెవరూ లేక, మనం నోరు విప్పకపోతే ఆ హక్కు నశించిపోయే పరిస్థితి వస్తే, అది మన మీద ఫర్జె ఐన్ అవుతుంది. గ్రామసభలో మనం ఆలోచించవలసింది ఇదే: ఈ విషయం నాకు తెలుసు, దీనిని చెప్పేవారు మరొకరు ఉన్నారా? ఉంటే అల్‌హమ్‌దులిల్లాహ్. లేకపోతే చెప్పవలసినవాణ్ని నేనే.

మౌనానికి చెప్పే సాకులు

మొదటి సాకు ఒక హదీసు. అల్లాహ్‌ను, అంతిమదినాన్ని విశ్వసించేవారు మంచి మాట పలకాలి, లేదా మౌనంగా ఉండాలి అని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). చాలామంది ఇందులో రెండో సగమే గుర్తుపెట్టుకుంటారు. కాని ప్రవక్త (స) ముందు ఉంచింది మంచి మాటను. చెప్పడానికి మంచి లేనప్పుడు మౌనం. ఒక పేదరాలి హక్కును గుర్తుచేయడం మంచి మాట కాకపోతే మరేది మంచి మాట? చాడీలు, బూతులు, వ్యర్థ ప్రసంగాల నుంచి మనల్ని కాపాడటానికి వచ్చిన హదీసును, బాధ్యత నుంచి తప్పించుకోవడానికి వాడుకోవడం దానికి అన్యాయం చేయడమే.

రెండో సాకు "మనవాడు". రోడ్డు వేసిన కాంట్రాక్టరు మన మస్జిద్‌లో మొదటి సఫ్‌లో నిలబడేవాడు. ఆరు నెలలకే రోడ్డు పగిలింది. ఎలా అడుగుతాం? దైవప్రవక్త (స) సోదరునికి సహాయం చేయమన్నారు, అతను పీడితుడైనా సరే, పీడకుడైనా సరే. పీడకునికి సహాయం ఎలా అని అడిగితే, అతన్ని ఆ దౌర్జన్యం నుంచి ఆపడమే సహాయమని వివరించారు (బుఖారీ). మక్కా విజయం నాడు జరిగిన సంఘటన కూడా చూడండి. కాబా తాళంచెవి దైవప్రవక్త (స) చేతికి వచ్చింది. ఆయన సొంత కుటుంబంవారు ఆ గౌరవం తమకు దక్కాలని కోరారు. అయినా ఆయన దానిని అంతవరకు ఆ బాధ్యత వహిస్తున్న ఉస్మాన్ బిన్ తల్హా (రజి)కే తిరిగి ఇచ్చారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమనే అన్నిసా 58వ ఆయతుకు సందర్భంగా ముఫస్సిర్లు ఈ సంఘటననే చెబుతారు. అమానత్ విషయంలో "మనవాడు" అనే లెక్క చెల్లదు.

మూడో సాకు "అది మన వీధి సమస్య కాదు". పైపులైను రానిది ఎస్సీ కాలనీకి, దీపాలు లేనిది వేరే వార్డుకు, మనకెందుకు అంటారు. దీనికి జవాబు హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించిన ఓడ హదీసులో ఉంది (బుఖారీ). కొందరు ఒకే ఓడలో ప్రయాణిస్తున్నారు. చీట్లు వేసుకుంటే కొందరికి పై అంతస్తు, కొందరికి కింది అంతస్తు వచ్చింది. కిందివారు నీళ్లకోసం ప్రతిసారీ పైవారిని దాటి వెళ్లవలసి వచ్చేది. పైవారిని ఇబ్బంది పెట్టడమెందుకు, మన భాగంలోనే ఒక రంధ్రం చేసుకుందాం అనుకున్నారు. పైవారు వాళ్లను అలాగే వదిలేస్తే అందరూ మునిగిపోతారు, చేయి పట్టుకుని ఆపితే అందరూ బతుకుతారు అని దైవప్రవక్త (స) చెప్పారు. ఈ ఉపమానాన్ని తప్పును ఆపవలసిన బాధ్యతకు చెప్పుకుంటాం, అది సరైనదే. కాని ఆ ఉపద్రవం నీళ్ల దగ్గర మొదలైందన్న సంగతి కూడా మరువరాదు. కిందివారికి నీళ్లు ఎలా అందుతున్నాయో పైవారు పట్టించుకుని ఉంటే రంధ్రం ఆలోచనే వచ్చేది కాదేమో! ఊరిలో ఒక మూల మురుగు నిలిస్తే దోమలు మతం చూసి కుట్టవు.

ముస్లిమేతరులతో కలిసి ఇలాంటి విషయాలకు కూర్చోవచ్చునా అని కొందరు సందేహిస్తారు. ప్రవక్త పదవి రాకమునుపు మక్కాలో ఒక యెమెన్ వర్తకుని సరుకు తీసుకుని ఆస్ బిన్ వాయిల్ డబ్బు ఎగ్గొట్టాడు. అతని మొర విని ఖురైష్‌లోని కొన్ని తెగలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. పీడితుడు ఎవరైనా సరే అతని హక్కు ఇప్పిస్తామని ఒప్పందం చేసుకున్నారు. దానికే హిల్ఫుల్ ఫుజూల్ అని పేరు. యువకుడైన ముహమ్మద్ (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అటువంటి ఒప్పందానికి పిలిస్తే వస్తానని అన్నారు. ఆ సభలో ముస్లిములు లేరు. అది పిలిచింది న్యాయం వైపు. మనకు అంతే చాలు.

ఫిత్నా భయం

ఇక నాలుగో మాట. దీనిని సాకు అని కొట్టివేయలేం. "మేము ఊళ్లో నాలుగు ఇళ్లవాళ్లం. పెద్దలకు ఎదురు చెబితే రేపు మా దుకాణానికి ఎవరూ రారు. చిన్న మాట పెద్ద గొడవగా మారుతుంది. ఫిత్నా లేపడం కంటే ఊరుకోవడం మేలు కదా?" ఈ భయం నిజమైనది. షరీఅత్ దీనిని కాదనదు. అల్ బఖరా 282వ ఆయతులో సాక్ష్యం చెప్పమన్న అల్లాహ్, సాక్షికి హాని కలిగించరాదని కూడా అన్నాడు. ఒక చెడును ఆపబోతే అంతకంటే పెద్ద చెడు పుడుతుందని గట్టి నమ్మకం ఉంటే ఆ పద్ధతిని వదిలేయాలని పండితులు చెప్పారు.

అయితే వదిలేయవలసింది ఆ పద్ధతిని, బాధ్యతను కాదు. చెడును చేతితో, కాకపోతే నాలుకతో, అదీ కాకపోతే హృదయంతో ఎదుర్కోమన్న హదీసు (ముస్లిం) మెట్లు చూపిస్తుంది. మొదటి మెట్టు ఎక్కలేనివాడు ఇంటికి వెళ్లి పడుకోమని చెప్పలేదు. సభలో నిలబడి చెప్పలేకపోతే ముందుగానే సర్పంచిని, కార్యదర్శిని ఏకాంతంలో కలిసి మృదువుగా చెప్పవచ్చు. ఒంటరిగా చెప్పలేకపోతే అన్ని వీధులవారినీ కలుపుకుని పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వవచ్చు. లెక్కలు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసి ఉంటుంది. ఇవన్నీ సాక్ష్యంలో భాగాలే.

ఇంకొక సంగతి. మనం ఫిత్నా అని పిలిచేది ప్రతిసారీ ఫిత్నా కాదు. ఒక్కోసారి అది మన మొహమాటం, ఒక్కోసారి రేపు ఆ పెద్దమనిషితో పని పడుతుందేమోనన్న ఆశ. అది భయమా, ఆశా అన్నది బయటివాడు తేల్చలేడు. ఎవరి హృదయాన్ని వారే నిలదీసుకోవాలి.

మాట్లాడేటప్పుడు పాటించవలసినవి

సాక్ష్యం ఫర్జ్ అయినంత మాత్రాన నోటికి వచ్చింది అనడానికి అనుమతి దొరికినట్లు కాదు. అల్ హుజురాత్ 6వ ఆయతు వార్తను నిర్ధారించుకోమంటుంది. విన్నదానిని చూసినట్లు చెప్పకూడదు. హజ్రత్ మూసా (అలై), హజ్రత్ హారూన్ (అలై)లను ఫిర్‌ఔన్ వద్దకు పంపుతూ కూడా అల్లాహ్ మృదువుగా మాట్లాడమన్నాడు. మన సర్పంచి ఫిర్‌ఔన్ కాడు, మనం మూసా (అలై) కాము.

"ఇది గీబత్ కాదా?" అని కొందరు అడుగుతారు. అన్యాయాన్ని బాధ్యుల ముందు ఫిర్యాదు చేయడం, హాని నుంచి ప్రజలను హెచ్చరించడం వంటి కొన్ని సందర్భాలను ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో గీబత్ నుంచి మినహాయించారు. కాని అవసరమైనంతే చెప్పాలి. సిమెంటు లెక్క అడిగేచోట అతని ఇంటి గుట్టు తీయకూడదు. వ్యక్తిగత లోపాలను కప్పిపుచ్చమని ధర్మం బోధించింది. ప్రజల సొమ్ము వ్యక్తిగతం కాదు. అలాగే అల్ మాయిదా 8వ ఆయతు ఒక జనం మీది ద్వేషం మనల్ని అన్యాయం వైపు నడిపించకూడదంటుంది. మనకు గిట్టనివాడు మంచి పని చేస్తే అదే సభలో లేచి మంచి పని అని చెప్పడం కూడా సాక్ష్యమే.

ఓటు: ఏకాంతంలో చెప్పే సాక్ష్యం

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో, 2025 డిసెంబరులో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. గ్రామసభలో అందరి ముందు చెప్పే సాక్ష్యాన్నే ఎన్నికలలో ఎవరూ చూడని చోట చెబుతాం. మఆరిఫుల్ ఖుర్ఆన్ గ్రంథకర్త ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) ఓటుకు మూడు కోణాలు ఉన్నాయని వివరించారు. ఒకటి, ఈ అభ్యర్థి యోగ్యుడని సాక్ష్యం. రెండు, అతనికి పదవి ఇవ్వమని సిఫారసు. మూడు, అందరి తరఫున అతన్ని వకీలుగా నియమించడం. మంచి సిఫారసు చేసినవారికి దానిలో భాగం ఉంటుందని, చెడు సిఫారసు చేసినవారికీ భాగం ఉంటుందని అన్నిసా 85వ ఆయతు చెబుతోంది. అంటే గెలిచినవాడు అయిదేళ్లు చేసేదానిలో మనకూ వాటా ఉంది. ఎలాంటివాణ్ని ఎన్నుకోవాలి? హజ్రత్ యూసుఫ్ (అలై) ఖజానా బాధ్యత అడిగినప్పుడు రెండు గుణాలు చెప్పుకున్నారు: కాపాడేవాణ్ని, తెలిసినవాణ్ని. నిజాయితీ, సమర్థత రెండూ కావాలి.

ఇలా చూస్తే ఓటుకు డబ్బు తీసుకోవడం సాక్ష్యాన్ని అమ్ముకోవడమే. లంచం ఇచ్చేవానినీ, తీసుకునేవానినీ దైవప్రవక్త (స) శపించారు (అబూ దావూద్, తిర్మిజీ). దేశ చట్టంలోనూ, 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ నేరస్తులే. కొన్నిచోట్ల డబ్బు ఇచ్చి ఖుర్ఆన్ మీద ప్రమాణం చేయించుకుంటారు. ఆ ప్రమాణం ఓటరును కట్టిపడేస్తుందని అమాయకులు భయపడతారు. ప్రమాణం చేసిన తర్వాత దానికంటే మంచి మార్గం కనబడితే ఆ మంచినే చేసి, ప్రమాణానికి కఫ్ఫారా చెల్లించాలని హదీసు (ముస్లిం). కఫ్ఫారా అంటే పదిమంది పేదలకు అన్నం పెట్టడం లేదా బట్టలు ఇవ్వడం, శక్తి లేకపోతే మూడు రోజులు ఉపవాసం. డబ్బు మాత్రం ఇచ్చినవానికే తిరిగి ఇవ్వాలి. తిరిగి ఇవ్వడం సాధ్యం కాకపోతే పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేయాలి.

ఇంతకంటే సున్నితమైన విషయం మరొకటి ఉంది. అభ్యర్థి వచ్చి "మస్జిద్‌కు ఇన్ని లక్షలు ఇస్తాను, జమాఅత్ ఓట్లన్నీ నాకే" అంటాడు. సొంత జేబులోకి రూపాయి రాలేదు కదా, అల్లాహ్ ఇంటికే కదా అని పెద్దలు ఒప్పుకుంటారు. సోదరులారా! అల్లాహ్ పరిశుద్ధుడు, పరిశుద్ధమైనదానినే స్వీకరిస్తాడు (ముస్లిం). ఖురైష్ కాబాను పునర్నిర్మించినప్పుడు, విగ్రహారాధకులై ఉండి కూడా, అక్రమ సంపాదన అందులో కలపరాదని నిశ్చయించుకున్నారు. డబ్బు చాలలేదు. అందుకే కొంత భాగం గోడ బయట మిగిలిపోయింది. ఈనాటికీ హాజీలు చూసే హతీమ్ అదే. వాళ్లు గోడను తగ్గించుకున్నారు కాని ఆ డబ్బు ముట్టలేదు. మనం ఊరందరి సాక్ష్యాన్ని అమ్మి మినారు కడతామా? ఖబరస్తాన్ గోడ పంచాయతీ నిధులతో కట్టమని ప్రతి అభ్యర్థినీ అడగడం మన హక్కు. అతని జేబులోని డబ్బుకు బదులు ఓట్లు ఇవ్వడం లంచం. ఈ రెండింటి మధ్య తేడాను మస్జిద్ కమిటీలు గట్టిగా పాటించాలి.

మన స్త్రీల మాట

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించారు. నీళ్లు రాకపోయినా, రేషన్ తగ్గినా ముందు తెలిసేది ఇంటి ఇల్లాలికే. కాని సభలో ఆమె తరఫున భర్త, మరిది మాట్లాడతారు. గెలిచినది ఆమె అయినా కుర్చీలో ఆయన కూర్చుంటాడు. హజ్రత్ ఖౌలా (రజి) తన భర్త చేసిన అన్యాయం గురించి దైవప్రవక్త (స) ముందు వాదించి, అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అల్లాహ్ ఆ మొర విన్నానని తెలుపుతూ అల్ ముజాదలా సూరాను అవతరింపజేశాడు. ఏడు ఆకాశాలపైన వినబడిన గొంతును మన పంచాయతీ గదిలో వినబడనివ్వకపోవడం ఏ ధర్మం? పర్దా మర్యాదలతో ఆమె వెళ్లాలి, తన సాక్ష్యం తానే చెప్పాలి.

చివరిగా

గ్రామసభలో మనం మాట్లాడినంత మాత్రాన ప్రతిసారీ న్యాయం జరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అర్జీ బుట్టలో పడవచ్చు. ఆ వితంతువు పేరు ఈసారి కూడా జాబితాలో చేరకపోవచ్చు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. ప్రళయదినాన మనల్ని అడిగేది జాబితా ఎందుకు మారలేదని కాదు. నీకు తెలిసినప్పుడు, నిన్ను అడిగినప్పుడు నువ్వు ఏం చెప్పావు అని.

వచ్చే గ్రామసభకు చాటింపు వినబడినప్పుడు ఇంట్లోవారితో కలిసి ఒక్క మాట అనుకోండి: మన వీధికి కాక, ఈ ఊరిలో నోరులేనివారికి సంబంధించి మనకు తెలిసిన నిజం ఏమిటి? దానిని నిర్ధారించుకుని, నియ్యత్‌ను శుద్ధి చేసుకుని, మృదువుగా చెప్పిరండి. అల్లాహ్ మనందరికీ సత్యాన్ని పలికే నాలుకను, దానిని దాచని హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.